ఇరవై రెండు మందీ కనబడే తెర: ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియంతో కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేయడం

నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా తరం వారికి క్రికెట్ పుట్టుకతో వచ్చిన ఆట. అమెరికన్ ఫుట్‌బాల్ పిల్లల వెంట ఇంట్లోకి వచ్చిన ఆట. మా ఇంట్లోకి అది 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ నెల 27న జరిగిన డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మా ఊరి జట్టు కరోలినా పాంథర్స్ మొట్టమొదటి ఎంపికగా అలబామా విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. ఆ మొదటి వంతు కోసం చికాగో బేర్స్‌కు ముట్టజెప్పిన మూల్యం తక్కువేమీ కాదు: రెండు మొదటి రౌండు ఎంపికలు, రెండు రెండో రౌండు ఎంపికలు, వాటికి తోడు డీజే మూర్ అనే మేటి రిసీవర్, అంటే విసిరిన బంతిని పరుగెత్తి అందుకునే ఆటగాడు. మా అబ్బాయి యంగ్ చొక్కా కొనిపించుకున్నాడు. ఆ సీజన్ ముగిసేసరికి జట్టు రెండు ఆటలు గెలిచి పదిహేను ఓడింది. "నాన్నా, ఇతను నిజంగా మంచి ఆటగాడేనా? మనవాళ్లు మోసపోయారా?" అని వాడు అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. అప్పటికి నేను ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియం చందాదారుణ్ని కాను. తరువాత అయ్యాను. కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఎదుగుతున్నాడో లేదో సొంతంగా తేల్చుకోవాలనుకునే అభిమానికి ఆ చందా ఎంతవరకు పనికివస్తుందన్నదే ఈ సమీక్ష.

ఆట కొత్తవారికి ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ అంటే దాడి చేసే జట్టులో బంతిని ముందుగా అందుకుని, దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో నిర్ణయించే ఆటగాడు. ఆ నిర్ణయానికి అతనికి దొరికే వ్యవధి రెండున్నర నుంచి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో ఏం జరిగిందో చూడకుండా అతని గురించి తీర్పు చెప్పడమే అభిమానులందరం ప్రతి ఆదివారం చేసే పని.

ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ అనేది నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ స్వయంగా నడిపే ప్రసార సేవ. 2022 జులైలో, అంతకుముందున్న గేమ్ పాస్ స్థానంలో ఇది అమెరికాలో మొదలైంది. ప్రీమియం అనే పై అంతస్తుకు తొలి సంవత్సరం ధర ఏడాదికి 79.99 డాలర్లు, 2023లో అది 99.99 డాలర్లకు, నెలసరి కట్టేవారికి 14.99 డాలర్లకు పెరిగింది, ఆదివారం ఆటల్లో స్కోరు వచ్చేలా ఉన్న ఘట్టాలను చూపించే రెడ్‌జోన్ ఛానెల్ కూడా అందులో కలిసింది. ప్రత్యక్ష ప్రసారాల కోసం దీన్ని తీసుకునేవారు ముందుగా ఒకటి గ్రహించాలి. మీ ప్రాంతంలో టీవీకి వచ్చే ఆటలు, దేశమంతటికీ వచ్చే రాత్రి ఆటలు మాత్రమే ఇందులో ప్రత్యక్షంగా కనిపిస్తాయి, అవి కూడా ఫోన్‌లోనో టాబ్లెట్‌లోనో చూడాలి. గోడకు తగిలించిన పెద్ద తెర మీద ప్రత్యక్షంగా చూడాలనుకునేవారికి ఇది తగిన సరుకు కాదు. వేరే నగరంలో ఉంటూ తమ పాత ఊరి జట్టును వెంబడించేవారికి యూట్యూబ్‌లో దొరికే సండే టికెట్ అనే వేరే ఖరీదైన దారి ఉంది. భారతదేశంలో ఉన్నవారికి 2023 నుంచి డాజోన్ ద్వారా వచ్చే గేమ్ పాస్ ఉంది. వాటి మంచిచెడ్డలు ఇక్కడ ఎత్తుకోను.

ప్రీమియం విలువ అంతా ఆట ముగిసిన తరువాత మొదలవుతుంది. ఆట పూర్తి పునఃప్రసారం దొరుకుతుంది. విరామాలు, ప్రకటనలు, గుంపుగా నిలబడి మాట్లాడుకునే సమయం అన్నీ తీసివేసి, మూడు గంటల ఆటను ముప్పావు గంటకు కుదించిన ప్రతి దొరుకుతుంది. వీటన్నిటికంటే ముఖ్యంగా ఆల్-22 దొరుకుతుంది. ఆల్-22 అంటే శిక్షకులు చూసుకునే చిత్రం: మైదానంలోని ఇరవై రెండు మందీ మొదటి నుంచి చివరి వరకు చట్రంలోనే ఉండేలా పైనుంచి తీసినది. ప్రతి ఎత్తుగడనూ, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా జరిగే ఒక్కో ఘట్టాన్నీ, రెండుసార్లు చూపిస్తుంది, ఒకసారి మైదానం పక్కనుంచి, మరొకసారి గోల్ గీత వెనుక నుంచి. వ్యాఖ్యానం ఉండదు, ప్రేక్షకుల కేకలు ఉండవు. మొదటిసారి చూసినవారికి నిద్ర వస్తుంది, అందులో ఆశ్చర్యం లేదు. చాలాకాలం లీగ్ ఈ చిత్రాన్ని బయటివారికి చూపించనే లేదు; 2012లో, అప్పట్లో గేమ్ రివైండ్ అని పిలిచిన సేవ ద్వారా, మొదటిసారి మామూలు అభిమానికి అందుబాటులోకి తెచ్చింది. ఇంటి నుంచే ఆటను విశ్లేషించేవారు ఒక తరంగా తయారయ్యారంటే దాని వెనుక ఆ నిర్ణయం చాలానే ఉంది.

టీవీ కెమెరాకు, ఈ కెమెరాకు ఉన్న తేడా చెప్పకపోతే చందా ఎందుకో అర్థం కాదు. టీవీ ప్రసారంలో కెమెరా బంతిని వెంబడిస్తుంది. బంతి కదలగానే రిసీవర్లు చట్రం దాటి పరుగెత్తిపోతారు, మనకు మిగిలేది క్వార్టర్‌బ్యాక్, అతని ముందు నిలబడి కాపాడే ఐదుగురు, అతని మీదికి దూకే ప్రత్యర్థులు. అతను విసరకుండా బంతి పట్టుకుని నిలబడితే "విసరవేమిరా" అని గదిలో అందరం అరుస్తాం. విసరడానికి అక్కడ ఎవరైనా ఖాళీగా ఉన్నారా లేదా అన్నది మనకు కనబడదు. క్రికెట్‌లో ఫీల్డర్లు ఎక్కడున్నారో చూపించకుండా బ్యాట్స్‌మన్ మొహం మాత్రమే చూపించి, అతను ఫోర్ ఎందుకు కొట్టలేదని తగువు పెట్టుకున్నట్లుంటుంది ఇది. ఆల్-22లో మొదటగా తెలిసేది ఈ సంగతే: ఒకే రకంగా కనిపించిన రెండు వైఫల్యాలు నిజానికి ఒకటి కావు. ఒకదాంట్లో ఎడమ పక్క రిసీవర్ రెండు గజాల దూరంలో ఎవరూ లేకుండా చేయి ఎత్తి ఉంటాడు, క్వార్టర్‌బ్యాక్ అటు తల తిప్పనే లేదు. మరొకదాంట్లో ఐదుగురు రిసీవర్లకూ ఐదుగురు అతుక్కుని ఉంటారు, అతను ఎక్కడ విసిరినా పోయేదే. స్కోరు పట్టికలో రెండూ ఒక్కలాంటి గీతలే.

దీన్ని వాడుకోవడానికి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఒకటుంది. సోమవారం రాత్రి కుదించిన ప్రతి చూస్తాను, క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి వెనక్కి అడుగువేసిన సందర్భాలను కాగితం మీద రాసుకుంటాను, అవి ముప్పై నుంచి నలభై వరకు ఉంటాయి. తరువాతి రోజు ఆ సందర్భాలను మాత్రమే ఆల్-22లో చూస్తాను. మొదట గోల్ గీత వెనుక కోణం నుంచి, ఎందుకంటే అతని పాదాలు అక్కడే స్పష్టంగా కనిపిస్తాయి. తరువాత పక్క కోణం నుంచి, ఎందుకంటే రిసీవర్ల దారులు అక్కడ తెలుస్తాయి. ఒక్క ఆటకు గంటన్నర పడుతుంది. ఇందులో నా భార్య పాల్గొనదు. ఆమె అభిప్రాయంలో నేను ఇంకొకరి ఉద్యోగం ఉచితంగా చేస్తున్నాను, పైగా అందుకు డబ్బు కూడా కడుతున్నాను.

బ్రైస్ యంగ్ విషయానికి వస్తే, 2023 నాటి అంకెలు అతని మీద ఉరితాడులా వేలాడాయి: 11 టచ్‌డౌన్ పాస్‌లు, 10 ఇంటర్‌సెప్షన్లు, 62 శాక్‌లు. టచ్‌డౌన్ అంటే బంతిని గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు సాధించడం, ఇంటర్‌సెప్షన్ అంటే విసిరిన బంతిని ప్రత్యర్థి అందుకోవడం, శాక్ అంటే బంతి విసరకముందే ప్రత్యర్థులు అతన్ని నేలకూల్చడం. అదే డ్రాఫ్ట్‌లో అతని వెంటనే రెండో ఎంపికగా హూస్టన్ టెక్సన్స్‌కు వెళ్లిన సీజే స్ట్రౌడ్ తొలి ఏడాదే పాస్‌లతో 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, కేవలం 5 ఇంటర్‌సెప్షన్లతో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత స్ట్రౌడ్‌కు, ఎంచుకోవడంలో తప్పిపోయారన్న నిందంతా యంగ్‌కు. షార్లెట్‌లో ఆ శీతాకాలం ఎక్కడ నలుగురు కూడినా ఇదే మాట. కొందరు అతని ఎత్తును పట్టుకున్నారు. ఐదడుగుల పది అంగుళాలవాడికి ఆరున్నర అడుగుల వాళ్ల మీదుగా మైదానం ఎలా కనబడుతుందన్నారు. నేనూ అదే అన్నాను, ఒప్పుకుంటున్నాను.

చందా కట్టాక వెనక్కి వెళ్లి 2023 ఆటలను ఆల్-22లో చూస్తే రెండు విషయాలు ఎదురయ్యాయి. మొదటిది, అతని ముందు నిలబడాల్సిన గార్డులు, అంటే మధ్యవాడికి అటూ ఇటూ ఉండే ఇద్దరు, గాయాల వల్ల మారుతూనే ఉన్నారు. గోల్ గీత వెనుక కోణం నుంచి చూస్తే పాకెట్ అనే ఆ రక్షణ గూడు సరిగ్గా మధ్యలోంచే కూలిపోవడం కనిపిస్తుంది. పొట్టివాడికి పక్కనుంచి వచ్చే ప్రత్యర్థి కంటే ఎదురుగా మధ్యలోంచి వచ్చేవాడే ప్రమాదం, ఎందుకంటే అడుగు ముందుకు వేసి మైదానాన్ని చూసుకునే జాగా అక్కడే పోతుంది. పదకొండు ఆటల్లో ఒకటే గెలిచాక నవంబరులో ప్రధాన శిక్షకుడు ఫ్రాంక్ రైక్‌ను తొలగించారు కూడా. అభిమానులు మాత్రం అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్లు, యాజమాన్యం మీద, లైన్ అనే ఆ ఐదుగురు కాపలాదారుల మీద, శిక్షకుల మీద ఉన్న కోపమంతా ఇరవై రెండేళ్ల కుర్రవాడి మీద చూపించారు.

రెండో విషయం నాకు అంత నచ్చలేదు. అదే చిత్రంలో అతని తప్పులూ ఉన్నాయి. రక్షణ సరిగ్గా ఉన్న సందర్భాల్లో కూడా అతని పాదాలు ముందే కదలడం మొదలయ్యేది, లేని ఒత్తిడిని ఊహించుకుని వెనక్కి జారేవాడు, మొదటి రిసీవర్ దొరకకపోతే రెండోవాడి కోసం చూడకుండా దగ్గరున్నవాడికి చిన్న పాస్ ఇచ్చి సరిపెట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని చాలాసార్లు ఆటగాణ్ని వెక్కిరిస్తాం. ఇక్కడ మద్దెల నిజంగానే ఓటిదే, ఆటా తడబడిందే. రెంటినీ విడదీసి చూపించగలగడమే ఈ చందాలో నాకు దొరికిన మొదటి లాభం. టీవీ ముందు కూర్చున్నవాడు ఏదో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

2024లో జట్టు రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు గార్డులను భారీ ఒప్పందాలతో తెచ్చింది. హంట్ ఒక్కడికే ఐదేళ్లకు పది కోట్ల డాలర్లు. డేవ్ కనాలెస్ కొత్త శిక్షకుడిగా వచ్చాడు. ఇక సాకులు లేవనుకున్నాం. మొదటి ఆటలో న్యూ ఓర్లీన్స్ చేతిలో 47-10, రెండో ఆటలో ఛార్జర్స్ చేతిలో 26-3. మరుసటి రోజే యంగ్‌ను కూర్చోబెట్టి ముప్పై ఆరేళ్ల యాండీ డాల్టన్‌ను దింపారు. డాల్టన్ తొలి ఆటలోనే రెయిడర్స్ మీద 319 గజాలు, మూడు టచ్‌డౌన్లతో 36-22 గెలుపు. అదే లైన్, అవే రిసీవర్లు, వేరే ఫలితం. దీనికంటే రుజువు ఏం కావాలని నాతో వాదించినవారికి ఆ వారం నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాతి నాలుగు ఆటలూ డాల్టన్‌తోనే ఆడి నాలుగూ ఓడారన్నది మాత్రం ఆ వాదనలో తరువాత ఎవరూ ప్రస్తావించలేదు.

అక్టోబరులో కారు ప్రమాదంలో డాల్టన్ బొటనవేలికి దెబ్బ తగలడంతో యంగ్ తిరిగి వచ్చాడు. ఇక్కడి నుంచి నేను ఆల్-22ను నిజంగా శ్రద్ధగా చూశాను. డెన్వర్‌లో జరిగిన ఆ ఆట 28-14తో ఓడారు, పత్రికల్లో పెద్దగా రాసిందేమీ లేదు. చిత్రంలో మాత్రం అతని పాదాలు నిలకడగా ఉన్నాయి. వెనక్కి వేసిన చివరి అడుగు నేలకు తాకగానే బంతి చేతిలోంచి వెళ్లిపోతున్న సందర్భాలు పెరిగాయి, మైదానం మధ్యభాగంలోకి, అతనికి కనబడదని నేను తేల్చేసిన చోటికే, అతను విసరసాగాడు. గెలుపోటముల పట్టికలో అది తెలియడానికి మరికొన్ని వారాలు పట్టింది. న్యూ ఓర్లీన్స్ మీద ఒక పాయింటు తేడాతో గెలుపు, మ్యూనిక్‌లో జయింట్స్ మీద అదనపు సమయంలో గెలుపు, ఆపై అప్పటి ఛాంపియన్లు కాన్సస్ సిటీ మీద మూడు పాయింట్ల తేడాతో ఓటమి.

ఈ వరుసలో డిసెంబరు 8న ఫిలడెల్ఫియాలో జరిగిన ఆట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 22-16తో వెనకబడి ఉండగా చివరి నిమిషంలో యంగ్ గోల్ గీత దగ్గరికి విసిరిన బంతిని కొత్త రిసీవర్ జేవియర్ లెగెట్ అందుకున్నట్లే అందుకుని, కిందపడేటప్పుడు జారవిడిచాడు. అది చేతిలో నిలిచి ఉంటే స్కోరు సమమయ్యేది, అదనపు పాయింటుతో పాంథర్స్ ఆధిక్యంలోకి వచ్చేవారు, దేశమంతా యంగ్ పేరు చెప్పుకునేది. జారింది కాబట్టి అది పూర్తికాని పాస్, అతని లెక్కలో ఒక తప్పు. పాసర్ రేటింగ్ అనే ప్రసిద్ధ కొలమానం 1973 నుంచి వాడుకలో ఉంది; పూర్తయిన పాస్‌ల శాతం, ఒక్కో పాస్‌కు గజాలు, టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు అనే నాలుగింటిని కలిపి 158.3 అనే విచిత్రమైన గరిష్ఠ సంఖ్యకు కొలుస్తుంది. అందులో శాక్‌లకు చోటు లేదు, క్వార్టర్‌బ్యాక్ సొంతంగా పరుగెత్తి సాధించిన గజాలకు చోటు లేదు, లెగెట్ చేతులకు అసలే చోటు లేదు. రిసీవర్ పరుగులో దారి తప్పి ఆగిపోతే అవతలివాడు బంతి లాక్కున్నా అది క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే ఇంటర్‌సెప్షన్. అంకెలు అబద్ధం చెబుతాయని నేననడం లేదు. సీజన్ మొత్తానికి అవి చాలా చెబుతాయి. ఒక్క ఆటకు, ముఖ్యంగా ఇంకా నేర్చుకుంటున్న కుర్రవాడి ఒక్క ఆటకు, అవి తక్కెడలో రాయి ఏదో వస్తువు ఏదో తెలియనివ్వవు.

ఆ సీజన్ చివరి ఆటలో, 2025 జనవరి 5న, అట్లాంటా మీద 44-38 గెలుపులో యంగ్ మూడు టచ్‌డౌన్లు విసిరి రెండింటిని తానే పరుగెత్తి సాధించాడు. అదే 2025 నవంబరులో, అదే అట్లాంటా మీద, 448 గజాలు విసిరి జట్టు చరిత్రలో రికార్డు నెలకొల్పాడు. ఆ రెండు ఆటల మధ్య నేను చిత్రంలో చూసినవాటిలో నీరసమైనవీ ఉన్నాయి, అందుకే అతని కథ తేలిపోయిందని ఇప్పటికీ అనను. మా అబ్బాయికీ అదే చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు.

స్ట్రౌడ్ సంగతి కూడా చెప్పకుండా వదిలేస్తే అన్యాయం అవుతుంది, ఎందుకంటే ఈ చందా నాకు నేర్పినది అతని విషయంలో తిరగబడి పనిచేసింది. 2024లో అతని ఇంటర్‌సెప్షన్లు 5 నుంచి 12కు పెరిగాయి, 52 సార్లు శాక్ అయ్యాడు. మొన్నటిదాకా మహారాజన్నవాళ్లే అతనికి కూడా కాలం చెల్లిందన్నారు. ఇతర జట్ల ఆటలూ ఇదే చందాలో దొరుకుతాయి కనుక హూస్టన్ చిత్రం పెట్టి చూశాను. అక్కడ కనిపించింది 2023 షార్లెటే: చెదిరిపోయే లైన్, పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్. ఆ సీజన్ ముగియగానే హూస్టన్ తన దాడి సమన్వయకర్త బాబీ స్లోవిక్‌ను తొలగించింది, లైన్‌లో పేరున్న లారెమీ టన్సిల్‌ను వాషింగ్టన్‌కు పంపేసింది. ఏడాది క్రితం మాకు దక్కలేదని మేము ఎవరి కోసం ఏడ్చామో అతని అభిమానులు ఇప్పుడు మా భాషే మాట్లాడుతున్నారని గ్రహించినప్పుడు, చెప్పకూడదు కానీ, కొంచెం సంతోషం కలిగింది.

ఓపిక గురించి మాట్లాడేవారు ఎప్పుడూ జాష్ అలెన్ పేరు ఎత్తుతారు. 2018లో ఏడో ఎంపికగా బఫెలోకు వెళ్లిన అలెన్ తొలి ఏడాది 52.8 శాతం పాస్‌లే పూర్తిచేశాడు, మరుసటి ఏడాది 58.8, మూడో ఏడాది 69.2, 2024 సీజన్‌కు లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం కూడా అందుకున్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దల మాటకు అతను పెద్ద మినహాయింపు. ఆ మూడో ఏడాదికి ముందే స్టెఫాన్ డిగ్స్ అనే మేటి రిసీవర్ బఫెలోకు వచ్చాడన్న వివరం ఆ కథ చెప్పేవారు మింగేస్తారు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, అలెన్ ఒక్కడు. 2021 డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. 2024 సీజన్ మొదలయ్యేనాటికి ట్రెవర్ లారెన్స్ తప్ప మిగిలిన నలుగురూ తమను ఎంచుకున్న జట్లలో లేరు. వారిలో జాక్ విల్సన్ కళాశాల ప్రదర్శన రోజున పక్కకు పరుగెత్తుతూ మైదానం అవతలికి విసిరిన ఒక్క పాస్ వీడియో చూసి, తరువాత అతన్ని ఎంచుకున్న న్యూయార్క్ జెట్స్ అభిమానులు నెలల తరబడి మురిసిపోయారు. ఎదురుగా ఒక్క ప్రత్యర్థి కూడా లేని మైదానంలో విసిరిన పాస్ అది. వారిలోనే మ్యాక్ జోన్స్ తొలి ఏడాది అందరికంటే నిలకడగా ఆడి, ప్రత్యామ్నాయంగానైనా ప్రో బౌల్ అనే లీగ్ మేటి ఆటగాళ్ల మేళాకు వెళ్లాడు. మూడేళ్లు తిరగకముందే న్యూ ఇంగ్లండ్ అతన్ని వదులుకుంది. ఏ కుర్రవాడు అలెన్ అవుతాడో, ఏ కుర్రవాడు విల్సన్ అవుతాడో మొదటి పదహారు ఆటల చిత్రం చూసి చెప్పగలనని ఎవరైనా అంటే, వారి చందా డబ్బు వారికి తిరిగి ఇప్పించాలి.

ఇక్కడే ఈ సరుకు పరిమితులు చెప్పాలి. ఆల్-22లో అందరూ కనబడతారు కానీ ఎవరూ వినబడరు. ఏ ఎత్తుగడ ఆడమన్నారో మనకు తెలియదు. శిక్షకుడి గొంతు క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలోకి వస్తుంది, తదుపరి ఎత్తుగడ మొదలుపెట్టాల్సిన గడువులో పదిహేను సెకన్లు మిగిలినప్పుడు అది ఆగిపోతుంది. ఆ తరువాత అతను గీత దగ్గర నిలబడి ప్రత్యర్థి అమరికను చూసి ఏం మార్చాడో, ఎవరికి ఏ సైగ చేశాడో చిత్రంలో చేతుల కదలికగా తప్ప తెలియదు. రిసీవర్ కుడికి తిరిగితే బంతి ఎడమకు వెళ్లిందనుకోండి, ఎవరు పాఠం మరచిపోయారు? మనం ఊహిస్తాం. నా కాగితం మీద అలాంటి సందర్భాల పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. అంతకుముందు వాటన్నిటినీ ఎవరో ఒకరి మీద రాసేసేవాణ్ని.

సాధన మైదానంలో ఏం జరుగుతుందో, సమావేశాల గదిలో కుర్రవాడు ఎంత త్వరగా నేర్చుకుంటున్నాడో ఏ చందాలోనూ ఉండదు. మనసు సంగతి అంతకంటే దూరం. 2019 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ చేతిలో 33-0తో ఓడుతున్న రాత్రి, జెట్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నల్డ్ పక్కన కూర్చుని తనకు దెయ్యాలు కనబడుతున్నాయని అన్న మాట టీవీవారి మైక్రోఫోన్‌లో పడి దేశమంతా వినిపించింది. లేని ప్రత్యర్థులు ఉన్నట్లు తనకు అనిపిస్తోందని అతని భావం. ఆ ఒక్క మాటతో అభిమానులు అతని కథ ముగించేశారు. 2024లో మిన్నెసోటాకు ఆడుతూ అతను 4,319 గజాలు, 35 టచ్‌డౌన్లతో జట్టుకు పద్నాలుగు గెలుపులు తెచ్చిపెట్టాడు. ఆ రెంటి మధ్య ఐదేళ్లలో అతను ఏం నేర్చుకున్నాడో చూపించే కోణం ఏ కెమెరాకూ లేదు. డార్నల్డ్ విషయంలో నేనూ తప్పు చెప్పినవాణ్నే, ఆల్-22 చూసి కూడా.

ఇంకొక ఇబ్బంది సేవది కాదు, చూసేవారిది. చిత్రం దొరికిన అభిమానికి పొగరు వస్తుంది. ఒకే ఎత్తుగడను ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూసి, "ఇదిగో, ఇక్కడ ఖాళీగా ఉన్నాడు, చూడలేదు" అని గుండ్రం గీయడం సులభం. ఆ కుర్రవాడికి ఆపే మీట లేదు. మూడు సెకన్లు, నూట ముప్పై కిలోల మనిషి మీదికి వస్తున్నాడు, అంతే. మా మిత్రబృందంలో ఒకాయన ఆల్-22 చందా కట్టిన నెల రోజులకే శిక్షకుడి కంటే తనకు ఎక్కువ తెలుసన్న నిశ్చయానికి వచ్చారు. ఇప్పుడు ఆయనతో ఆట చూడటం మానుకున్నాం. పిల్లలకు చూపించేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. నేను మా అబ్బాయికి ప్రతి ఎత్తుగడనూ మొదట ఒక్కసారి ఆపకుండా మామూలు వేగంతో చూపించి, ఎక్కడ విసరాలో నువ్వే చెప్పు అంటాను. వాడు మొదట్లో పదిలో రెండు సరిగ్గా చెప్పేవాడు. నేను మూడు.

ఎవరు కొనాలి? అన్ని జట్లనూ పైపైన చూసేవారికి, తమ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఇప్పటికే పదేళ్లుగా స్థిరపడినవాడైన వారికి ప్రీమియం అవసరం లేదు. కింది అంతస్తు 2023లో ఏడాదికి 49.99 డాలర్లకే దొరికింది, చాలామందికి అదే చాలు. కుదించిన ప్రతి కోసమే ప్రీమియం కట్టేవారినీ చూశాను, పిల్లలతో తీరిక లేని ఇళ్లలో అది మంచి సౌకర్యమే, కానీ దాని ఒక్కదానికి వంద డాలర్లు ఎక్కువ. తమ జట్టులో మొదటి మూడేళ్లలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ ఉన్నవారికి, వాదనల్లో తమ మాట తమకే నమ్మకంగా లేదని అనిపించేవారికి, వారానికి గంటన్నర ఆల్-22కు కేటాయించగలవారికి ఇది ధరకు తగినది. గంటన్నర కేటాయించలేనివారు తీసుకోవద్దు. ఏడాది చివర ఆల్-22 ఒక్కసారి కూడా తెరవకుండా చందా పొడిగించినవారు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

నెలసరి కట్టాలా, ఏడాదికి కట్టాలా అన్నది చాలామంది నన్ను అడిగే ప్రశ్న. చివరి నాకౌట్ ఆటలను పక్కనపెడితే సీజన్ సెప్టెంబరులో మొదలై జనవరి మొదట్లో ముగుస్తుంది. 2023 నాటి ధరలతో ఆ ఐదు నెలలకు నెలకు 14.99 చొప్పున దాదాపు 75 డాలర్లు, అంటే ఏడాది చందా కంటే పాతిక డాలర్లు తక్కువ. ఆ లెక్క ప్రకారం నెలసరే లాభం. అయినా నేను ఏడాదికే కడుతున్నాను. సీజన్‌లో గెలుపోటముల వేడిలో చూసిన ఆటలను ఫిబ్రవరిలో, మార్చిలో, ఫలితం మరచిపోయాక మళ్లీ పెట్టుకుంటే నా కాగితం మీది ప్రశ్నార్థకాలు కొన్ని చెరిగిపోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. పోయిన వారం ఫిలడెల్ఫియా ఆటను మళ్లీ చూశాను. చివరి నిమిషం పాస్ దగ్గర మా అబ్బాయి లేచి వెళ్లిపోయాడు, వాడికి అది ఇప్పటికీ చూడబుద్ధి కాదు. నేను అంతకుముందు ఎత్తుగడల్లో అతని పాదాలు చూస్తూ ఉండిపోయాను.